నా పాట వినని మనిషి

మా పక్క పోర్షన్‌లోకి కొత్తగా దిగిన అమ్మాయి మొన్న కుకీల డబ్బా పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల, నవ్వు ముఖం. గుమ్మంలోనే నిలబడి పేరూ, ఉద్యోగమూ, కుక్కపిల్ల సంగతీ అన్నీ చెప్పేసింది. నేనూ మర్యాదకి, "శనివారం మధ్యాహ్నాలు కాస్త పాడుకుంటాను. మన మధ్య గోడ పల్చన. ఇబ్బందైతే చెప్పండి" అన్నాను.

"మీరు పాడతారా!" అని కళ్ళు పెద్దవి చేసింది. "మేం వచ్చినప్పట్నుంచీ మాకసలు ఏమీ వినపడలేదే! డోంట్ వరీ ఎట్ ఆల్. ఎంతసేపైనా పాడుకోండి."

ఆ పిల్ల మంచికే అంది. నేను థాంక్స్ చెప్పి, తలుపు వేసి, డబ్బా కౌంటర్ మీద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ముసలాయన గుర్తొచ్చాడు.

వీళ్ళకంటే ముందు ఆ పోర్షన్‌లో ఉన్నది ఆయనే. నియమాలు కచ్చితంగా పాటించే యూదుడు. భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. పోయిన వేసవిలో వేరే రాష్ట్రంలో కూతురింట్లో పోయాడట. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చిన ఆ కూతురే చెప్పింది. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని మా చర్చిలో అందరూ అంటారు. నాకు ఆయన గురించి మంచి మాట్లాడాలని లేదు. ఆయన ఉన్నంతకాలం ఆయనతో నాకు పడలేదు. ఇప్పుడు పోయాడు కదాని పడుతుందని అబద్ధం చెప్పలేను.

మేం న్యూజెర్సీలో పిస్కాటవే పక్కన, ఒకే గోడకి అటూ ఇటూ రెండిళ్ళుండే ఈ డూప్లెక్స్‌లో సగం కొనుక్కున్న కొత్తలో మొదటిసారి ఆయన్ని మెయిల్ బాక్సు దగ్గర చూశాను. పొడుగు మనిషి, భుజాల దగ్గర వంగిపోయాడు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నడుం దగ్గర వేలాడే దారాలు, తల మీద చిన్న నల్ల టోపీ. వచ్చిన చెత్త కాగితాలన్నీ, పిజ్జా కూపన్లతో సహా, అక్కడే నిలబడి ఒక్కొక్కటీ చదువుతున్నాడు. ఎవడో కష్టపడి అచ్చువేసి పంపించాడు, చదవకుండా పారేస్తే వాడికి అన్యాయం అన్నట్టు. నేను నా పేరు చెప్పి చెయ్యి చాపాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. గొంతులో చిన్నగా గురక లాంటి చప్పుడు చేశాడు. ప్రతి మాటకీ ముందు అలా చెయ్యడం ఆయన అలవాటు.

"క్షమించండి. ఆడవాళ్ళకి నేను చెయ్యి ఇవ్వను. అది నా సమస్య."

ఇంగ్లీషులో ఆ ముక్క, 'దట్స్ మై ప్రాబ్లమ్', తర్వాత ఎన్నిసార్లు విన్నానో. ఆయన జీవితమంతా ఆ ఒక్క ముక్క మీదే నడిచేది.

ఆ డిసెంబరులో క్రిస్మస్ కేకు చేసి పట్టుకెళ్ళాను. నెల ముందే కిస్‌మిస్‌లు నానబెట్టి, మా అమ్మ చేసే పద్ధతిలో చేసిన కేకు. గుమ్మంలో నిలబడి దాన్ని చూశాడు. గురక. "వాసన చాలా బాగుంది. నేను తినలేను. మా వంటిళ్ళకి నియమాలున్నాయి. అది నా సమస్య." కేకు పళ్ళెం చేత్తో పట్టుకుని మంచులో వెనక్కి నడిచాను. అప్పటికి పట్టుమని పాతిక మాటలైనా అనుకోలేదు మేం. అప్పటికే ఆయనంటే నాకు గిట్టలేదు.

ఎందుకంత కోపం అని మా ఆయన అడిగాడు. ఆయనకీ తెలుసు, ఊరికే అడిగాడు. మాది బాపట్ల వైపు. మా నాయనమ్మ కాలంలో ఊరి కాఫీ హోటల్లో మావాళ్ళకి గ్లాసు వేరే. చూరులో దోపి ఉండేది. తాగి, తనే కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. చెయ్యి తగలకుండా చిల్లర బల్ల మీద పెట్టాలి. ఆవిడ పండించిన పంట తినేవాళ్ళే ఆవిడ వండింది ముట్టేవాళ్ళు కారు. నేను ఆ గ్లాసు చూడలేదు. కానీ ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటే, వండింది వద్దంటే, నా ఒంటికి ఆ గ్లాసు తెలిసిపోతుంది. ఇన్ని సముద్రాలు దాటి, ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, సొంత ఇల్లు కొనుక్కుని, ఇక్కడా అదే తగలాలా అనిపించింది.

చెయ్యి పనికిరాలేదు, వంట పనికిరాలేదు. మిగిలింది గొంతు. దాని వంతు త్వరలోనే వచ్చింది.

మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నం కూడుతుంది, ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని. అక్కడ పాటలు నడిపించేది నేను. చిన్నప్పటి నుంచి నాకు చేతనైన పని అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. కెమిస్ట్రీ చదువుకున్నాను, అది పొట్టకోసం. పాట మాత్రం నాది. పాత కీర్తనలు నేనెత్తుకుంటే వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకునేవాళ్ళు కూడా తలెత్తేవారు. ఆదివారం పాటలకి శనివారం మధ్యాహ్నం మా వంటింట్లో ప్రాక్టీసు. కూర పొయ్యి మీద ఉడుకుతుంటే నిలబడి పాడటం నా అలవాటు. మా వంటింటికీ ఆయన భోజనాల గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

మామూలు రోజుల్లో నేను రాగం తీస్తే చాలు, అవతల రేడియో మొదలయ్యేది. లేకపోతే వాక్యూమ్ క్లీనర్. మొదట్లో నేను పట్టించుకోలేదు. ఒంటరి మనిషి, శుభ్రం ఎక్కువేమో అనుకున్నాను. శనివారాలు మాత్రం రేడియో ఉండేది కాదు. నేను పాట ఎత్తుకున్న కాసేపటికి అవతల వీధి తలుపు చప్పుడయ్యేది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, మడత కుర్చీ తెచ్చుకుని, ముందు వరండాలో వేసుకుని కూర్చునేవాడు. ఎండైనా, చలైనా. నా పాట అయ్యాక లేచి కుర్చీ మడిచి లోపలికి పోయేవాడు.

ఒకరోజు ల్యాబ్‌లో లంచ్ దగ్గర ఈ వింత చెప్పాను. నా పక్క బెంచీలో పనిచేసే ఆమె యూదురాలే. ఫోర్కు కింద పెట్టి నవ్వింది.

"అయ్యో, నీకు తెలీదా? ఆయన నీ పాట వినకూడదు. పరాయి ఆడదాని పాట మగవాడు వినకూడదని మా పాత ధర్మశాస్త్రంలో ఉంది."

"పాటేనా? మాటకూడానా?"

"మాట పర్లేదు. పాటే. ఆడవాళ్ళ గొంతు తీయగా ఉంటుంది, దేవుడి మీంచి మనసు లాగేస్తుందని. శనివారం మా విశ్రాంతి దినం కదా, స్విచ్చి ముట్టుకోకూడదు. రేడియో పెట్టలేడు, కారెక్కి వెళ్ళలేడు. ఇంక బయటికి రావడం ఒక్కటే దారి." ఆమె భుజాలెగరేసింది. "అందరం అలా ఉండం. నేను మా సినగాగ్‌లో, ప్రార్థన మందిరంలో, మగవాళ్ళ ముందే పాడతాను. మా నాన్న ముందు వరసలో కూర్చుంటాడు. ఇది ఆయన పద్ధతి."

గొంతు తీయగా ఉంటుందని లేచి బయటికి పోతాడట! పొగిడినట్టే పొగిడి గుమ్మంలోంచి గెంటినట్టుంది నాకు. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే పడీపడీ నవ్వాడు. "నీకు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారే" అన్నాడు. ఆ పూట ఆయనకి పచ్చడన్నమే పెట్టాను.

నాకు అసలు మండింది ఎక్కడంటే, ఆ ముసలాయన తను మాత్రం పాడేవాడు. శుక్రవారం చీకటి పడగానే ఒక్కడే బల్ల ముందు కూర్చుని, బల్ల మీద అరచేత్తో దరువేస్తూ గొంతెత్తి పాడేవాడు. శ్రుతి ఒక చోట మొదలై ఇంకో చోట తేలేది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోట వెళ్ళలేక కింద నుంచే నెట్టుకొచ్చేవాడు. ఆయనకి జలుబు చేస్తే నాకు తెలిసేది. పళ్ళు బాగుచేయించుకున్న వారం కూడా తెలిసింది. ఆయన పాటకి మా గోడ అడ్డం కాదు. నా పాటకి మాత్రం ఆయన లేచి బయటికి పోవాలి. మా అమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల, ఆ వరస పట్టేసి షవర్‌లో పాడటం మొదలుపెట్టింది.

"ఆపు ఆ పాట" అన్నాను.

"వై మమ్మీ? హీ సింగ్స్ ఇట్ ఎవ్రీ ఫ్రైడే. ఇట్స్ కైండ్ ఆఫ్ క్యూట్."

"క్యూటా? ఆయన నా పాట వినడు తెలుసా?"

"సో? నువ్వు కూడా ఆయన్ది వినొద్దు. బయట కూర్చో."

పిల్లలకి మనం ఇంగ్లీషు నేర్పిస్తాం, వాళ్ళు మనకి నోటిమీద కొట్టడం నేర్పిస్తారు.

నేను ఊరుకునే రకం కాదు. కక్ష కట్టాను. మంచు పడితే ఆయన ఇంటి ముందు ఉమ్మడి దారి సగానికి సరిగ్గా గీత గీసినట్టు తీసేవాడు, మావైపు ఒక పార ఎక్కువ వెయ్యడు. నేనూ అంతే చేశాను. శనివారం ఆయన పార ముట్టుకోడని తెలిసీ నా సగమే తీసి లోపలికొచ్చాను. ఆయన తన సగంలో మోకాళ్ళలోతు మంచు తొక్కుకుంటూ సినగాగ్‌కి నడిచి వెళ్ళాడు. కానీ చెత్త బండి వచ్చే రోజుల్లో నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా చెత్త డబ్బాలు రోడ్డు మీంచి గ్యారేజీ పక్కకి చేరి ఉండేవి. అది కూడా ఆయనే. అడక్కుండా చేసే ఉపకారం నాకు మరీ చిరాకు. తిట్టడానికి వీలివ్వడు.

పాడుతూ ముందు గది కిటికీ దగ్గరికొచ్చి చూసి ఇంకోటి కనిపెట్టాను. పాట అయిపోయాక ఆయన వెంటనే లేవడు. చరణానికీ చరణానికీ మధ్య ఆగానో, నిజంగా ముగించానో తేల్చుకోవడానికి కాసేపు చూస్తాడు. తర్వాత లేచి, కుర్చీ మడిచి, తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేస్తాడు. సరిగ్గా అప్పుడు నేను పల్లవి మళ్ళీ ఎత్తుకునేదాన్ని. కుర్చీ మళ్ళీ తెరుచుకునేది. ఆయన మళ్ళీ కూర్చునేవాడు. ఒక్కసారి కూడా తలతిప్పి మా కిటికీ వైపు చూడలేదు, విసుక్కోలేదు. నాకు మాత్రం కూరలో ఉప్పు సరిపోయినంత తృప్తిగా ఉండేది.

ఒక శనివారం జనవరి చలి. వీధిలో కుక్కని తిప్పుతున్న ఒకావిడ ఆయన్ని చూసి ఆగి, మా ఇంటి వైపు చూసి, నవ్వుకుంటూ వెళ్ళింది. అది నేను ముందు గది కిటికీలోంచి చూశాను. పొయ్యి ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి వెళ్ళాను.

"మీకు నా పాట అంత కష్టంగా ఉంటే ఆపమని అడగొచ్చుగా?" అన్నాను. అడిగితే ఆపనని చెబుదామని ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నాను.

ఆయన పుస్తకంలో వేలు పెట్టి మూశాడు. గురక. "మిమ్మల్ని ఆపమనడానికి నేనెవర్ని? పాడొద్దని మీకు నియమం లేదు. వినొద్దని నాకుంది. నా నియమానికి నేను చలిలో కూర్చోవాలి, మీరు కాదు."

"మా దేశంలో ఇలాంటివి నేను చాలా చూశాను" అన్నాను. అని, ఆగలేక, మా నాయనమ్మ గ్లాసు సంగతి చెప్పేశాను. ఆ చలిలో, ఉత్త పాదాలతో, వణుకుతూ. ఇంగ్లీషులో చూరుకి మాట దొరక్క చేత్తో చూపించాను. "మీరు చేసేదీ అదే. చెయ్యి అంటదు, తిండి అంటదు, గొంతు అంటదు."

ఆయన నా చెయ్యి చూపించిన వైపు, వరండా కప్పు అంచుకేసి చూశాడు. తర్వాత అడిగాడు. "ఆ గ్లాసు ఎవరు కడిగేవారు?"

"మా నాయనమ్మే."

"నా కుర్చీ నేనే మోసుకుంటున్నాను" అన్నాడు.

సమాధానం బాగానే ఉంది. అందుకే ఇంకా కాలింది. "మోస్తున్నది మీరే. కానీ వీధిలో వాళ్ళు చూసేది నన్ను. మగవాణ్ణి ఇంట్లోంచి తరిమేసేంత గొంతు ఎవరిదా అని మా కిటికీ వైపు చూసి నవ్వుకుంటున్నారు. అది ఎవరి సమస్య?"

ఆ మాటకి ఆయన మొదటిసారి నా పాదాల వైపు చూశాడు. "అది నేను ఆలోచించలేదు" అన్నాడు. నేను గెలిచాననుకుని లోపలికొచ్చాను.

తర్వాతి శనివారం వరండాలో కుర్చీ లేదు. నేను పాట ఎత్తుకున్నాక వెనక వైపు అద్దాల తలుపు కీచుమంటూ జరిగింది. ఆయన కుర్చీ ఇల్లంతా దాటించి వెనక చెక్కల డెక్ మీదికి తెచ్చుకున్నాడు. ముందు వరండాకి కప్పయినా ఉంది. వెనక ఏమీ లేదు, గాలి తిన్నగా మొహానికి కొడుతుంది. వీధికి కనపడడు. మా వంటింటి కిటికీకి మాత్రం ఎదురుగా వీపు. ఇక ఆ వీపు చూసే భాగ్యం నా ఒక్కదానికే. మా ఆయన "పాపం ముసలాయన" అన్నాడు. నాకు పాపం అనిపించలేదు. నాకోసం కష్టపడుతున్నట్టు కనిపించే మనిషిని ద్వేషించడం ఎంత కష్టమో అనిపించింది. దానికి కూడా ఆయన్నే తిట్టుకున్నాను.

ఆ ఏడాదే నా మెడలో గడ్డ బయటపడింది. థైరాయిడ్. కేన్సర్ కాదన్నారు, దేవునికి స్తోత్రం. కానీ తీసెయ్యాలన్నారు. గొంతు నరం ఆ గడ్డని ఆనుకునే పోతోందని సర్జన్ బొమ్మ గీసి చూపించాడు. "మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు. పాడటం సంగతి ఇప్పుడే చెప్పలేం. మీరు ప్రొఫెషనల్ సింగరా?" అని అడిగాడు. కాదన్నాను. అయితే ఫరవాలేదన్నట్టు తలూపాడు.

ఆపరేషన్ అయ్యాక మాట వచ్చింది. పాట రాలేదు. మధ్య స్థాయి వరకూ గరగరలాడుతూ ఎలాగో వచ్చేది. పైకి వెళ్దామంటే గొంతు జారిపోయేది, ఉత్త గాలి మిగిలేది. గొంతు డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలన్నీ నెలల తరబడి చేశాను. ఇంక ఇంతేనేమో అని ఆమె మెల్లగా చెప్పింది.

చర్చిలో పాటలు నడిపించడం నా తర్వాత ఉన్న అమ్మాయికి ఇచ్చారు. "అక్కా, నువ్వు రెస్ట్ తీసుకో అక్కా. మేం మేనేజ్ చేస్తాం" అంది. ప్రేమగానే అంది. ఒకసారి ఎవరింట్లోనో ప్రార్థన కూటంలో నన్ను పాడమన్నారు. ఎత్తుకున్నాను. గొంతు రెండో లైన్లోనే విరిగింది. అంతే, గదిలో అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. నా గొంతు నాకే వినపడనంత గట్టిగా, కళ్ళు మూసుకుని, చప్పట్లు కొడుతూ. ఎంత మంచివాళ్ళో చూడండి. నన్ను కప్పేశారు. చివర్లో పాస్టరుగారు, "దేవుడు గొంతు చూడడమ్మా, హృదయం చూస్తాడు" అన్నారు. కార్లో మా ఆయన రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా "బానే పాడావు" అన్నాడు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "మమ్మీ, యూ వర్ సో బ్రేవ్" అంది. నా పాట వింటే కన్నీళ్ళొస్తాయనేవారు ఒకప్పుడు. ఇప్పుడు నేను పాడటం ధైర్యం కింద లెక్క. ఆ రోజు నుంచి వంటింట్లో కూడా నోరు విప్పలేదు.

శనివారాలు కూర దాని మానాన అది ఉడికేది. అవతల అద్దాల తలుపు కదిలేది కాదు. కుర్చీ మడిచి డెక్ మీదే గోడకి ఆనించి ఉండేది.

ఒకరోజు మెయిల్ బాక్సు దగ్గర ఎదురుపడ్డాడు. మెడ మీద మచ్చ స్కార్ఫులోంచి కనపడే ఉంటుంది. ఎలా ఉందని అడగలేదు. దేవుడు చూసుకుంటాడని కూడా అనలేదు. గురక. "శనివారాలు నిశ్శబ్దంగా ఉంటున్నాయి" అన్నాడు.

"మీకు హాయిగా ఉంది కదా" అన్నాను. నా బొంగురు గొంతు ఆయన విన్నాడు.

ఆయన తన చేతిలోని కూపన్ల కాగితం వైపు చూశాడు. "లోపల వెచ్చగా ఉంది" అన్నాడు.

అంతే. నాకు ఏడుపూ తిట్టూ కలిసి వచ్చాయి. ఇంటికొచ్చి గిన్నెలన్నీ కడిగినవే మళ్ళీ కడిగాను. మనసున్న మనిషి ఎవడైనా అలా అంటాడా? వెచ్చగా ఉందట.

ఫిబ్రవరిలో ఒక శనివారం. మా ఆయన, అమ్మాయి స్విమ్మింగ్ క్లాసుకి వెళ్ళారు. రాత్రి పడిన మంచు డెక్ మీద అలాగే ఉంది. నేను గోంగూర ఆకు తుంచుతూ కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు, ప్రేమించేవాళ్ళు ఎవరూ లేరు. అందుకేనేమో నోరు తెరుచుకుంది. నా చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన కీర్తన. మెల్లగా ఎత్తుకున్నాను. అది పాట అని నేను కూడా అనుకోలేదు. పాత తలుపు తీస్తున్నట్టుంది. అనుపల్లవి దగ్గర విరిగింది. విరిగిన చోట ఆగి మళ్ళీ అందుకున్నాను. పై స్థాయి రాదని తెలిసి కింద నుంచే నెట్టుకొచ్చాను, ఆయన శుక్రవారం పాటలో చేసినట్టు.

మొదటి చరణం సగంలో ఉన్నాను. అవతల అద్దాల తలుపు కీచుమంది.

చేతిలో ఆకు జారిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళాను, పాట మాత్రం ఆపలేదు. ఆయన నల్ల కోటూ చెవుల టోపీ వేసుకుని డెక్ మీదికొచ్చాడు. పోయినేటి కంటే బాగా వంగిపోయాడు. కుర్చీ మీద మంచు చేత్తో దులిపాడు. అది బిగుసుకుపోయి తెరుచుకోలేదు, మోకాలు ఆనించి తెరిచాడు. నాకు వీపు చేసి కూర్చుని పుస్తకం తీశాడు.

మా చర్చి కప్పేసిన గొంతు, మా ఆయన రోడ్డు వైపు చూస్తూ మెచ్చుకున్న గొంతు, డాక్టరు చేతులెత్తేసిన గొంతు. దానికి ఆ ముసలాయన లేచి బయటికొచ్చాడు. జాలిపడి లోపలే కూర్చోవచ్చు. ఇది పాటేం కాదులే, వింటే తప్పులేదులే అని వెచ్చగా ఉండొచ్చు. ఆయన అలా అనుకోలేదు. నా గొంతు మునుపు ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో ఆయనకి అక్కర్లేదు. ఆడది పాడుతోంది, తను ఆ ఇంట్లో ఉండకూడదు. అంతే.

నాకు ఆయనంటే ఇష్టం పుట్టిందనుకోకండి. ఆ నియమం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ వీపు చూస్తే మండినట్టే మండింది. కానీ ఆ మంటతో పాటు ఎన్ని నెలల తర్వాతో నా ఛాతీ నిండా ఊపిరి అందింది. కన్నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. అన్ని చరణాలూ పాడాను. ఒక్క ముక్క వదల్లేదు. విరిగిన చోటల్లా విరిగింది.

పాట అయిపోయింది. ఆయన వెంటనే లేవలేదు. ఎప్పట్లాగే ఆగి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. అద్దాల తలుపు మీద చెయ్యి వేశాడు.

నేను పల్లవి మళ్ళీ ఎత్తుకున్నాను.

ఆయన చెయ్యి తలుపు మీంచి తీసేశాడు. కుర్చీ తెరుచుకున్న చప్పుడు వినిపించింది.